నీలగిరి వాసన పట్టిన అనుములు

మొన్న జలుబు చేస్తే మదనపల్లిలో మా కోడలు నీలగిరి తైలం సీసా కొనుక్కొచ్చి, రుమాలు మీద రెండు చుక్కలు వేసి ముక్కు దగ్గర పెట్టుకోమంది. ఎవరికైనా ఆ ఘాటుకు ముక్కు తెరుచుకుంటుంది. నేను మాత్రం రుమాలు మడిచి పక్కన పెట్టేశాను. పుంగనూరు దగ్గర మా ఊళ్ళో పెద్దమ్మ ఇల్లంతా ఒకప్పుడు ఇదే వాసన.

పెద్దమ్మంటే మా అమ్మకు అక్క. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఆ తైలం రాసుకోకుండా పడుకునేది కాదు. ఊరికి మాత్రం ఆమె అనుముల విత్తనం దాచడం తెలిసిన మనిషి. అనుములంటే చిక్కుడు గింజకు చుట్టమే గానీ, మా ఊరివి ఉడుకుతుంటే వీధి మొదట్లోనే తెలిసేది, అంత కమ్మటి వాసన. విత్తనానికి ఎర్రమన్ను పట్టించి, ఎండబెట్టి, వావిలాకు వేసి కుండలో పోసి మూతికి పేడ మెత్తేది. అయినా వానాకాలం వచ్చేసరికి సగం గింజలకు పురుగు బొక్కలు పెట్టేది. అంగడాయన మందుబిళ్ళలు వేయమంటే ఒప్పుకోలేదు, విత్తగా మిగిలింది తినేది మన పిల్లలే కదా అని. తొంభైల్లో ఒక ఏడు, తైలం సీసా పెట్టే గూట్లోకి చీమ కూడా రావడం లేదని కనిపెట్టి, పాతగుడ్డకు నాలుగు చుక్కలు అద్ది కుండ మూతి లోపల వేలాడగట్టింది.

“మోకాళ్ళ నొప్పులు నీకా పెద్దమ్మా, అనుములకా?” అన్నాను.

“నవ్వు నాయనా, నవ్వు. ఈడ నిలవలేని పురుగులన్నీ మీ ఇంటికే వస్తాయి, సూడు.”

అలాగే అయింది. ఆమె కుండలో ఒక్క గింజకూ బొక్క పడలేదు, మా ఇంట్లోవి పిండైపోయాయి. ఇంకేముంది, మరుసటి ఏడు ఊరందరం విత్తనాలు తెచ్చి ఆమె ఇంట్లోనే పెట్టాం. మా వాళ్ళు అంతే, ఒకరి చెయ్యి మంచిదని తెలిస్తే తమ చేతులు దులుపుకుంటారు. పిడికెడైనా ఇంట్లో ఉంచుకుందామని ఎవరికీ తోచలేదు. ఊరి విత్తనమంతా తన మీద పడిందన్న భయంతో, ఇన్ని కుండలకు గుడ్డ చాలదనుకుంది పెద్దమ్మ. సీసాలు తెప్పించి తైలం గింజల మీదనే పోసి, చేత్తో కలిపి, మూతులు బిగించింది.

వాన పడింది. వేరుశనగలో అనుముల సాళ్ళు వేశాం. వేరుశనగ లేచింది, అనుములు లేవలేదు. పెద్దమ్మ కుంటుకుంటూ మా చేన్లోకి వచ్చి కూర్చుని వేలితో సాలు గీరింది. గింజ ఉబ్బి ఉంది, మొలక లేదు. పురుగును చంపిన ఘాటు మొలకనూ చంపింది. నలుగురం గట్టున నిలబడి వాన సంగతి మాట్లాడుకున్నాం.

“తిట్టండప్పా,” అంది. “అందురూ ఇట్ల ఒక్క మాటా అనకుండా పోతే నేను ఈ మొగం యాడ పెట్టుకునేది?”

అయినా ఎవరమూ నోరు తెరవలేదు. అది మర్యాద అనుకున్నాం. ఆ రోజు ఒకరు తిట్టి, ఇంకొకరు నవ్వి ఉంటే ఆమె తేరుకునేదేమో.

కుప్పం సంత దాకా పోయి వేరే అనుములు తెచ్చాను. బాగానే కాశాయి. ఉడికితే పక్కింటికి కూడా తెలియలేదు. పెద్దమ్మ నాలుగు నోట్లో వేసుకుని “బాగుండాయి” అని గిన్నె పక్కకు జరిపింది. తైలం మోకాళ్ళకు రాసుకోవడం కూడా మానేసి, నొప్పితోనే పోయింది.

నాకు అక్షరాలు వచ్చింది ఆ తర్వాతే, తల నెరిశాక. మొన్న ఆ సీసా మీదున్నదంతా కూడబలుక్కుని చదివాను. ఒంటికి ఎలా రాసుకోవాలో ఉంది, విత్తనానికి వద్దని ఎక్కడా లేదు. అప్పుడే చదువొచ్చి ఉన్నా ఒరిగేదేమీ లేదు. ఆ పాత అనుముల వాసన ఎలా ఉండేదని కోడలు అడిగింది. ఎంత తలుచుకున్నా ముక్కుకు నీలగిరే తగిలింది. కాలం ముందు గింజను పట్టుకుపోయింది, తర్వాత తీరిగ్గా వచ్చి దాని వాసననూ పట్టుకుపోయింది.