ఖజానా మొదటి దొర

పటాన్‌చెరు కిరాణం సోమేశ్వర్‌కు ఒకటే జబ్బు. ఏ పని ముట్టుకున్నా మధ్యలో బ్రిటిష్ ప్రధానమంత్రిని తెచ్చి నిలబెట్టేవాడు. పెళ్లి బంతిలో లడ్డు వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ముందు అడగాలె, నేను ఒప్పుకోవాలె, అప్పుడు వెయ్యాలె. ఆ దేశంల ప్రధాని పదవి గూడ గంతే" అనేవాడు. ఆలోపు లడ్డు పక్క విస్తరికి పోయేది.

ఈ జబ్బు మెట్రిక్‌లో అంటుకుంది. "బ్రిటిష్ ప్రధానమంత్రి నియామకం వివరింపుము" అన్న ప్రశ్న రెండుసార్లు వచ్చి రెండుసార్లూ అతన్ని ఫెయిలు చేసింది. మూడోసారి ఆ ఒక్క జవాబే కామాలతో సహా బట్టీ పట్టి పోతే, ఆ ప్రశ్న రాలేదు. అంత కష్టపడి నేర్చింది పారేస్తామా? బతుకంతా వాడుకున్నాడు.

అరవై నాలుగులో అతని అన్న పోయాడు. వదిన ప్రభావతికి పిల్లల్లేరు. నోరు మాత్రం ఉండేది. మొగుడు పోయిన రోజు నుంచి అదీ మూతపడింది. దినాలు అయిన మర్నాడు జోగిపేట చిన్నాయన కిష్టయ్య అన్న దుకాణం తాళాలు సోమేశ్వర్ చేతిలో పెట్టబోయాడు. అన్న తర్వాత తమ్ముడే కదా, అడిగేదేముంది? ప్రభావతీ అదే అనుకుంది. ట్రంకుపెట్టెతో తనను పుట్టింటికి ఎప్పుడు పంపుతారన్నదే ఆమె దిగులు.

సోమేశ్వర్ తాళాలు ముట్టలేదు. వాటిని వదినకు ఇప్పించాడు. పెళ్లినాటి నల్లకోటు తొడుక్కొని ఆమె గది గడప ముందు నిలబడ్డాడు.

"వదినా, నన్ను పిలిపించున్రి."

"ఎదురుంగనే ఉన్నవు గదయ్యా. ఇంక పిలిపించుడేంది?"

"పిలిపించాలె. ఆ దేశంల గెలిచినోడు గూడ తనంతల తాను పోయి కుర్చీల కూసోడు. రాణి పిలిచి, సర్కారు నడుపుతవా అని అడగాలె. అటెన్క రాణి చేతికి ముద్దు పెట్టుకోవాలె."

"ఏం పెట్టుకోవాలె?"

"పరేషాన్ గాకున్రి. ఇప్పుడు గా ముద్దు పేరుకే. నమస్తే చాలు."

"సుశీలా! అట్లకాడ ఏడుందే?"

ఇన్ని రోజులకు ఆమె నోరు తెరుచుకుంది. సోమేశ్వర్ భార్య సుశీల నిజంగానే అట్లకాడ తెచ్చింది.

"తాళాలు తీస్కపో. జనం బియ్యానికి నిలబడ్డరు" అంది ప్రభావతి.

"నడుపుతవా అని అడగాలె."

"నడిపి సావు!"

"ఒప్పుకున్న" అని సోమేశ్వర్ వంగి దండం పెట్టి తాళాలు అందుకున్నాడు.

నెల తిరక్కముందే దుకాణం తలుపుకు రేకు ఉత్తరాల డబ్బా వచ్చింది. దానిమీద తెల్లరంగుతో "ఖజానా మొదటి దొర" అని రాయించాడు. పోస్ట్‌మన్ అజీజ్ సైకిల్ దిగి రెండుసార్లు చదివాడు.

"ఇదేంది సోమేశ్వర్ భాయ్?"

"లండన్ల ప్రధాని ఇంటి తలుపు మీద గూడ ప్రధాని అని ఉండదు అజీజ్ భాయ్, గిదే ఉంటది. పాత పదవి."

"మంచిది. ఖజానా ఏడుంది?"

"నూనె డబ్బాల ఎన్క."

"మరి మీ వదినె ఉత్తరాలు గూడ ఇందులనే వెయ్యాల్నా?"

"తోబ తోబ! రాణి ఉత్తరాలు రాణి చేతికియ్యాలె."

ఇక మంగళవారాలు. ఆ దేశంలో ప్రధాని ప్రతి మంగళవారం రాణి దగ్గరికి పోయి జరిగిందంతా విన్నవించాలట. మిగతా ఆరు రోజులూ "నువ్వు వదినా" అనే మనిషి, మంగళవారం కోటు తొడిగాడంటే "మీరు" లోకి దిగేవాడు. బీరంగూడ పక్క పెద్ద ఫ్యాక్టరీకి వచ్చిన బెంగాలీలు ఆవనూనె అడుగుతున్నారని, కేరళవాళ్లు ఉప్పుడు బియ్యం అడుగుతున్నారని, ఏ షావుకారు సంచిలో అడుగున ఏముందో, అన్నీ నిలబడి చెప్పేవాడు. బియ్యంలో రాళ్లు ఏరుతూ ప్రభావతి ఆవులించేది. రాణికి హెచ్చరించే హక్కు ఉందని తెలిశాక మాత్రం ఆవులింతలు తగ్గాయి.

"మిరపకాయలు వాన ముందు ఎవడన్న కొంటడా? అక్కల్, బుద్ధి ఏమన్న ఉన్నదా?"

"హెచ్చరిక అందింది వదినా" అని అతను దండం పెట్టేవాడు.

బయట సుశీల పట్టుకునేది. "గంటసేపు ఏం మాట్లాడిన్రు?"

"రాణితోని మాట్లాడింది బయట చెప్పొద్దు."

"ఉల్లిగడ్డ మురిగింది గూడ రాజరహస్యమేనా?"

"వాసన వచ్చినంక నేనేం దాస్త?"

ఆరేళ్లు గడిచాయి. డెబ్బై జూన్‌లో ఆ దేశంలో ప్రధాని ఓడిపోయాడని రేడియో చెప్పింది. ఓడిన రోజే సామాను బండికెక్కించి ఇల్లు ఖాళీ చెయ్యాలట. మర్నాడు శనివారం, కిష్టయ్య సంగారెడ్డిలో రాయించిన స్టాంపు కాగితంతో దిగాడు. పేరు దగ్గర ఖాళీ ఉంది.

"ఆరేండ్లు నడిపినవు. దుకాణం నీ పేరు మీద చేస్కో. ప్రభావతి ఇగ పుట్టింట్ల ఉంటది."

తలుపు వెనక ప్రభావతి చేతిలో చాట ఆగిపోయింది. అంతలో సోమేశ్వర్ కోటు తొడుక్కొని వచ్చాడు. మంగళవారం కాదే!

అతను తాళాలు ఆమె ముందు పెట్టాడు. "రాజీనామా వదినా. చిన్నాయనా, ఆ ఖాళీల ప్రభావతి అని రాయున్రి."

కిష్టయ్య పకపకా నవ్వాడు. "ఆడామె కిరాణం నడుపుతదా? కందిపప్పు ఏడ కొనాల్నో తెల్సా ఆమెకు?"

"మీ గోదాంల మాత్రం కొనొద్దు చిన్నమామా" అంది ప్రభావతి తలుపు చాటునుంచి. "మొన్న పంపిన మూడు సంచులల్ల అడుగుది తడిపప్పు. బెల్లం జహీరాబాద్‌ది తేవాలె. ఉప్పుడు బియ్యం నెల మొదట్ల నిండుగ ఉండాలె, ఆవనూనె ఎప్పటికీ ఒడవొద్దు. ఇంక చెప్పాల్నా?"

చెప్పాక ఆమెకే వింతగా తోచింది. ఇదంతా తనకెవరు నేర్పారు? గడప దగ్గర కోటు వేసుకున్న మనిషిని చూసింది. అతను దూలం వైపు చూస్తున్నాడు.

తడిపప్పు మాట ఊరంతా తెలిసేలోపు కిష్టయ్య ఖాళీలో పేరు రాశాడు. ప్రభావతి అని.

బయట సోమేశ్వర్, దుకాణంలో మధ్యాహ్నం పడుకునే చాప, దిండు చుట్ట చుట్టి, ఓడిన ప్రధానిలాగా మెట్టుమీద కూర్చున్నాడు.

"సోమేశ్వర్! ఇటు రా" అని ప్రభావతి పిలిచింది. ఆరేళ్లలో తనంత తాను పిలవడం అదే మొదలు. "దుకాణం నడుపుతవా?"

"మంత్రులను అడిగి చెప్త" అని అతను సుశీల వైపు చూశాడు.

"మంత్రులు ఎసరు పెట్టి కూసున్నరు, జల్దీ ఒప్పుకోన్రి" అంది సుశీల.

"ఒప్పుకున్న" అని సోమేశ్వర్ దండం పెట్టడానికి వంగాడు. ప్రభావతి డబ్బాలోంచి ఇంత బెల్లం గడ్డ తీసి చెయ్యి చాపింది.

"ఇంద. ముద్దు గిద్దు అన్నవంటే అట్లకాడ ఇక్కడనే ఉన్నది. బెల్లం తిను. ఆ కోటు గూడ విప్పియ్యి, చంకల కుట్లు ఊడినయి. మంగళారానికి కుట్టిస్త."