ఇప్పతోపు జాతరలో గింజ చుట్టాలు

మా చిన్నప్పుడు... తొలకరికి ముందు ఇప్పతోపు జాతర దగ్గర పడిందంటే చాలు, అమ్మ అటక మీద నుంచి ఎండిన ఆనపకాయ బుర్రలు దించేది. వాటి నిండా బూడిద కలిపి దాచిన విత్తనాలు. చేటలో పోసి చెరుగుతుంటే నేను పక్కనే కూర్చుని తుమ్మేదాన్ని... అవతలికి పొమ్మని కసిరేది. పోతే కదా!

బూర్గంపాడు దగ్గర మా ఊరు. బండి కట్టుకుని అడవి అంచుకి చేరేసరికి జాతర కిటకిటలాడుతుండేది. నాగళ్లు, మోకులు, ఎడ్ల మెడ గంటలు, వెదురు తట్టలు... ఒక మూల బెల్లం జీళ్లు. నా చూపంతా జీళ్ల మీద. అమ్మ చూపు మాత్రం విత్తనాల వరుస మీద.

విత్తనాల వరుస అంటే... ఇప్పచెట్ల కింద ఆడవాళ్లు గుడ్డలు పరిచి, ఇంటి విత్తనాలు పోసుకుని కూర్చునేవాళ్లు. బేరం లేదు, తూకం లేదు. నాది ఒక దోసెడు నీకు, నీది ఒక దోసెడు నాకు. అలా మార్చుకున్న ఇళ్లవాళ్లు 'గింజ చుట్టాలు'. పెళ్లిళ్లకి పిలుచుకునేవాళ్లు, చావుకి వెళ్లేవాళ్లు. ఒక్క కట్టుబాటు ఉండేది... ఎంత అవసరమైనా అవతలివాళ్ల గుడ్డ ఖాళీ చెయ్యకూడదు. కాసిన్ని గింజలు మిగల్చాలి.

మా గింజ చుట్టం జోగమ్మత్త. అడవి లోపల కోయగూడెం ఆవిడది. మా నాయనమ్మ కోస్తా నుంచి వలస వచ్చినప్పుడు కొంగున కట్టి తెచ్చిన ఎర్రంచు చిక్కుడు అమ్మ ఇచ్చేది, ఆవిడ కొండజొన్న ఇచ్చేది. ఇద్దరూ వదినా వదినా అనుకుంటూ పొద్దు వాలేదాకా కబుర్లే... నేను ఎవరి ఒళ్లో నిద్రపోయానో కూడా చూసుకునేవాళ్లు కాదు.

ఒక ఏడు గోదారి మా ఇంట్లోకి వచ్చింది. అటక దాకా వచ్చింది. నీళ్లు తీశాక చూస్తే గోడ కూలి ఉంది, గాదె కొట్టుకుపోయింది. అమ్మ వాటి కోసం ఏడవలేదు. కుళ్లిపోయిన చిక్కుడు గింజల్ని అరచేతిలో పట్టుకుని ఏడ్చింది.

మరుసటి జాతరకి ఉత్త చేతులతో వెళ్లింది. వరుసలో కూర్చోడానికి మొహం చెల్లక చెట్టు చాటున నిలబడింది. జోగమ్మత్తే వెతుక్కుంటూ వచ్చి, మూట విప్పి అమ్మ కొంగులో చిక్కుడు గింజలు పోసింది.

"నీ గింజే వదినె, తీస్కపో. నా కాడ ఉన్నదంటే నీ కాడ ఉన్నట్టే."

అమ్మ పోయాక ఆ బుర్రలు సారపాకలో మా ఇంటికి వచ్చాయి. ఏటా చేను గట్టున చిక్కుడూ, కొండజొన్నా వేసి విత్తనం నిలుపుకుంటున్నాను. మొన్న ఎండాకాలంలో జోగమ్మత్త కోడలు ఫోన్ చేసింది. పొయ్యి నిప్పు ఎగిసి ఇల్లు కాలిపోయిందట. మనుషులు బయటపడ్డారు కానీ, పొయ్యి మీద కట్టిన విత్తనాలన్నీ బూడిదయ్యాయట. చుట్టుపక్కల గూడేలన్నీ పత్తీ మిర్చీ అయిపోయాయి, కొండజొన్న ఇంకెవరి దగ్గరా లేదు.

నేనే తెచ్చిస్తానన్నాను. అత్త ఒప్పుకోలేదు. గింజ చేతులు మారేది జాతరలోనేనట... ఇంటికి తెచ్చిస్తే దానమవుతుందట.

సరే, ఇంట్లో ఉన్న కొండజొన్న విత్తనమంతా మూట కట్టుకుని వెళ్లాను. ఏం జాతర అండీ అది! ఆర్చీలు, డీజే, ట్రాక్టర్ల షోరూములు, పురుగుమందుల స్టాళ్లు... విత్తనాల వరుస ఉండే చోట ఇప్పచెట్లు కొట్టేసి స్టేజీ కట్టారు. ఆర్చీ మీద ఇంత పెద్ద ఫ్లెక్సీ, దాని మీద దోసిట్లో గింజలు పట్టుకుని నవ్వుతున్న జోగమ్మత్త ఫోటో! ఎవరు ఎప్పుడు తీశారో ఆవిడకే తెలియదు. పేరైనా వెయ్యలేదు.

అసలు మనిషి స్టేజీ పక్కన, అలవాటైన జాగాలో, తువ్వాలు పరుచుకుని కూర్చుని ఉంది. నేను వెళ్లి మూట విప్పానో లేదో, మెడలో బ్యాడ్జీ వేసుకున్న ఒకాయన వచ్చాడు. లేబుల్ లేని విత్తనాలు లోపల పెట్టకూడదట. అమ్మడం లేదయ్యా, ఇచ్చుకుంటున్నాం అన్నాను.

"ఇచ్చినా గంతే మేడమ్. జల్దీ లేవుండ్రి, గెస్టులు వస్తున్నరు."

ఒళ్లు మండిపోయింది నాకు. ఫ్లెక్సీ చూపించి, ఆ ఫోటోలో ఉన్నది ఈవిడే అని అరిచాను. అటు ఒకసారి చూశాడు, ఇటు ఒకసారి చూశాడు... అయినా లేవమన్నాడు. మైకులో అప్పుడే ఎవరో, మన పాత విత్తనాలు కాపాడుకోవాలని ఉపన్యాసం మొదలుపెట్టారు. చప్పట్లు కూడా కొట్టారు జనం. ఇంకా ఏం గొడవ పెట్టుకునేదాన్నో... అత్త నా చెయ్యి పట్టుకుని లేచింది.

గేటు బయట, బండ్లు ఆపిన చోట, రెండు మోటార్‌సైకిళ్ల మధ్య కూర్చున్నాం. మూట మొత్తం ఆవిడ తువ్వాల్లో గుమ్మరించేశాను. వచ్చే ఏడు మీ పంట నుంచి నాకిద్దువుగానిలే అత్తా అన్నాను. కోపంలో ఉన్నాను, ఏడుపు కూడా వస్తోంది, కట్టుబాటు ఎక్కడ గుర్తుంటుంది?

అత్త దోసెడు గింజలు తీసి మళ్లీ నా గుడ్డలో పోసి, తనే ముడి వేసింది.

"నీ కాడ కొన్ని ఉండాలె బిడ్డా. మల్లొకపారి నా ఇల్లు గాలితే, నేను ఏడికి వోవాలె?"

ఇంత పెద్ద జాతరలో అలా గింజ ఇచ్చిపుచ్చుకోవడానికి ఇవాళ గజం నేల లేదు. నాకు ఏడుపొచ్చేది అందుకే.

మీ ఇంటి విత్తనం పోతే... వెళ్లి అడగడానికి మీకొక గడప ఉందా? ఉంటే, ఆ గింజ పేరూ ఆ చుట్టం పేరూ కింద రాయండి. ఏ ఫ్లెక్సీ మీదా వెయ్యని పేర్లు, కనీసం ఇక్కడైనా ఉంటాయి...