మరియమ్మత్త సాలు

గుంటూరులో మా కుట్టు షెడ్డులో పాతికమందిమి. చూపు తగ్గి చెయ్యి నెమ్మదించి, ఇచ్చిన గుడ్డల కట్ట రోజూ మిగిలిపోతోందని మా రమాదేవిని వచ్చే నెల నుంచి రావద్దన్నాడు యజమాని. దానిమీద నేను మీటింగు పెడితే వచ్చింది నలుగురు. అందులో ఇద్దరు టీ కోసం వచ్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా వదిన మాత్రం, "మీటింగు సంగతి తర్వాత, ముందు పోయి మా కోటమ్మక్క ముఠాని చూసిరా," అంది. కోటమ్మ రాజుపాలెం అవతల మిరప కోతల కూలీల ముఠాకి మేస్త్రి.

ఆదివారం అయిదింటికి గుంటూరులో పల్లెవెలుగు బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్టు ఉచితం. కార్డు మరిచిపోయి వెళ్తే కండక్టరు బతిమాలినా వినడు. సత్తెనపల్లిలో బస్సు మారాలి. స్టాండు బయట బండి మీద ఇడ్లీ బాగుంది. ఏడింటికి రాజుపాలెంలో దిగేసరికి, చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, నెత్తికి తువ్వాలు చుట్టుకుని కోటమ్మక్క ఆటో పక్కన నిలబడి ఉంది.

"తిన్నావా? తినకపోయినా ఎక్కు. ఎండెక్కుద్ది," అంది.

చేలో ఒక్కొక్కరికి ఒక్కో సాలు, ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా ఒక మొక్కల వరస. ఊరికే కూర్చోలేక నేనూ ఒకటి పట్టాను. నా పక్క సాలు మరియమ్మత్తది. డెబ్బై దాటిన మనిషి. రెండు కాయలు కోసి ఒకసారి నడుం పట్టుకుంటోంది. పదింటికి రైతు వచ్చాడు. ఆయనా కౌలు రైతే, ఆయన కంగారు ఆయనది. మరియమ్మత్త దగ్గర ఆగాడు.

"కోటమ్మా, రేపట్నించి ఈమెని తీసుకురాబాక. అందరితో సమానంగా కూలి ఎట్టా ఇచ్చేది?"

అచ్చం మా షెడ్డులో విన్న మాటే. కోటమ్మక్క ఒడిలో కాయలు పట్టా మీద కుమ్మరించి గట్టు మీద కూర్చుంది. ఆమె వెనకే ఇంకొకామె, ఆ తర్వాత అందరూ. ఎవరూ ఎవరినీ పిలవలేదు.

"మబ్బు పట్టింది, కనపడటంలా?" అన్నాడు రైతు.

"కనపడతంది బాబాయ్. అత్త వస్తే అందరం వస్తాం. లేకపోతే నీ కాయ నువ్వే కోసుకో. ఆమె సాలు మిగిలిపోయిన రోజు ఒక్కటి చెప్పు, చూద్దాం."

రైతు ఒకసారి మబ్బు వైపు చూశాడు. "సరే, లేవండే. మీతో ఏందిలే," అంటూ మోటారు వైపు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం వేపచెట్టు కింద గోంగూర పచ్చడి, అన్నం నాకూ పెట్టారు. మీటింగులు ఎప్పుడు పెట్టుకుంటారని అడిగాను.

"మీటింగా? మాకెక్కడ కుదురుద్ది! సాలుకి ఎదురొచ్చినప్పుడే మాట్లాడుకుంటాం," అంది కోటమ్మక్క.

ఆ మాట నాకు నాలుగింటికి గాని అర్థం కాలేదు. అప్పటికి అందరి సాళ్ళూ అయిపోయాయి, నాది సగం కూడా కాలేదు. సిగ్గుతో తల దించుకుని కోస్తున్నాను. మాటలు వినపడి చూద్దును కదా, అవతలి చివర నుంచి నా సాలే కోసుకుంటూ ఇద్దరు నాకు ఎదురొస్తున్నారు. వాళ్ళలో ఒకరు మరియమ్మత్త. ఆమె సాలుని ఎవరో అలాగే ఎదురొచ్చి పూర్తిచేశారట, ఇప్పుడు ఆమె నా సాలుకి వచ్చింది.

"కుట్టే చేతులు గదా, మెల్లగా వస్తదిలే," అంది.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకున్నాను, ఆ మిరపకాయల చేతులతోనే! ఇక చూడండి నా అవస్థ. చేనంతా నవ్వింది. కోటమ్మక్క బిందెడు నీళ్ళు నా మొహాన కొట్టింది.

అయిదున్నర బస్సులో గుంటూరు తిరిగి బయలుదేరాను. పక్క సీట్లో స్కార్ఫు కట్టుకున్న ఒకామె నా ఎర్రటి కళ్ళు చూసి, "ఏందక్కా, ఎవరన్నా పోయారా?" అంది.

"లేదమ్మా, దొరికారు," అన్నాను. ఆమె వింతగా చూసి తన నీళ్ళ సీసా ఇచ్చింది. ఆ చేలో ఉన్నవాళ్ళందరికీ నేను రుణపడ్డాను.

రేపు షెడ్డులో మీటింగు పెట్టను. నా కట్ట కుట్టడం అవగానే స్టూలు లాక్కుని రమాదేవికి ఎదురు మిషను దగ్గర కూర్చుంటాను, ఆమె పైనుంచి కుట్టుకొస్తుంటే నేను ఆమె కట్ట అడుగు నుంచి మొదలుపెడతాను.