పైడిరాజు మిగిల్చిన మూడు మలుపులు

నిన్న పొద్దున్నే సూరిబాబు ఫోన్ చేసి "పైడిరాజు సచ్చిపోనాడ్రా" అన్నాడు.

నేను "ఏ పైడిరాజు?" అని అడిగాను.

మా విజయనగరం వైపు వీధికో పైడిరాజు ఉంటాడు. చిన్నప్పుడు నా క్లాసులోనే ఇద్దరుండేవారు. ఇంకెవరో అయ్యుంటారని నిజంగానే అనుకున్నాను.

సూరి ఏడుస్తున్నాడు. "మనోడేరా. నెల్లిమర్ల టెంట్ హౌస్ పైడిరాజు."

అయినా నాకు బుర్రకెక్కలేదు. ముందురోజు సాయంత్రమే వాడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. సైకిల్‌కి కొత్త బ్రేకులు వేయించానని చెప్పాడు. కొత్త బ్రేకులు వేయించుకున్న మనిషి తెల్లారేసరికి ఎలా పోతాడు?

ఇది లాజిక్ కాదని నాకూ తెలుసు. నిన్నట్నుంచి నా బుర్ర ఇలాగే పనిచేస్తోంది.

నిద్రలేచి, మంచినీళ్లు తాగి, మంచం మీద కూర్చున్నాడట. అలాగే ఒరిగిపోయాడట. హార్ట్ ఎటాక్ అన్నారు. నలభై నాలుగేళ్లు.

ఇంటికి వెళ్తే వాకిట్లో వేసిన కుర్చీలన్నీ వాడివే. ప్రతి కుర్చీ వెనకా వాడి షాపు పేరు. ఊళ్లో పెళ్లయినా చావయినా కుర్చీల వరసలు వాడే దగ్గరుండి సరిచేసేవాడు. నిన్న ఎవరో వంకరటింకరగా వేశారు. నేను లేచి ఒక్కొక్కటే సరిచేశాను. ఎందుకు చేశానో తెలీదు.

వాణ్ణి ఎరగనివాళ్ల కోసం చెప్తున్నాను.

నేనూ, సూరీ, పైడిరాజూ ఆదివారాలు సైకిల్ తొక్కుతాం. ఏడాదికోసారి విజయనగరం నుంచి ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కే పెద్ద రైడ్ ఉంటుంది. రేసు కాదు. మధ్యాహ్నంలోపు పైకి చేరితే మెడల్ ఇస్తారు. చేరకపోతే ఏడాదంతా ఇంట్లోవాళ్లు వెక్కిరిస్తారు.

ఘాట్‌లో మాకో పద్ధతి ఉంది. మలుపుల్లో వెనకవాడు కనబడడు కదా. అందుకని చివర ఉన్నవాడు బెల్ కొడుతూ రావాలి. అది వినబడితే ముందున్నవాళ్లు తిరిగి కొట్టాలి. చివర ఎప్పుడూ పైడిరాజే. ఖరీదైన గేర్ల సైకిల్ కొని, దానికి వాళ్ల నాన్న పాత సైకిల్ బెల్ బిగించుకున్నాడు మహానుభావుడు. కొడితే వీధంతా వినబడేది.

పోయినేడు ఘాట్‌లో ఒకటే పొగమంచు. ముందు చక్రం తప్ప ఏమీ కనబడట్లేదు.

వెనక నుంచి గణగణ వినబడింది. మేం కొట్టాం. మళ్లీ వినబడింది. మళ్లీ కొట్టాం. "ఈ రోజు మనోడు మంచి ఊపు మీదున్నాడ్రా" అని సూరి మెచ్చుకున్నాడు కూడా.

పైకి చేరి, ఆగి, వెనక్కి చూస్తే మంచులోంచి మేకలొచ్చాయి.

మెడలో గంటలు కట్టుకుని, తాపీగా. మేం ఎంత స్పీడులో ఎక్కామో దీన్నిబట్టి మీరే అర్థం చేసుకోండి.

వెతుక్కుంటూ కిందికి దిగాం. మూడు మలుపుల కింద, కల్వర్టు మీద కూర్చుని సీతాఫలం తింటున్నాడు. సంగతి చెప్తే నోట్లో గింజలు ఎగిరిపడేలా నవ్వాడు. "నన్నొగ్గీసి మేకల్ని తీసుకెళ్లినారేట్రా!"

ఎక్కుదాం పదరా అంటే కదల్లేదు. "ఆ మూడు మలుపులూ వచ్చీ ఏడాది సూద్దాం లెండ్రా" అన్నాడు.

ఎందుకు ఆగాడో నాకు ఇప్పటికీ తెలీదు. చైన్ జారిందని సూరికి చెప్పాడు. ఆకలేసిందని నాకు చెప్పాడు. మంచుకి భయమేసిందని వాళ్లావిడ లక్ష్మికి చెప్పాడు. నేను చైన్ చూశాను, శుభ్రంగా ఉంది.

ఆ రోజే గుండె ఏమైనా చెప్పిందా? లేకపోతే సీతాఫలాలు నిజంగానే అంత బాగున్నాయా? నిన్నట్నుంచి మార్చి మార్చి ఆలోచిస్తున్నాను. ఏదీ కుదరట్లేదు.

ఆ తర్వాత ఏడాదంతా "నా మూడు మలుపులు, నా మూడు మలుపులు" అనేవాడు, అద్దెకిచ్చిన సామాను ఇంకా తిరిగి రానట్టు. ఆ వాయిస్ మెసేజ్‌లో చివరి మాట కూడా అదే. "బావా, ఈ తడవ మేకలకంటే ముందుంటాను సూడు."

ఈ ఏడు రైడ్ వచ్చే ఆదివారమే.

నిన్న అన్నీ అయ్యాక వాళ్లమ్మ నన్ను పిలిచింది. గోడకి ఆనించి ఉన్న సైకిల్ చూపించింది. "ఆ సైకిలే నా కొడుకుని తినీసినాది. నా కళ్ల ముందర ఉంచకు బాబూ, పట్టుకెలిపో" అంది.

సైకిల్ తొక్కబట్టే ఇన్నాళ్లున్నాడని సూరి అంటాడు. తెలిసిన డాక్టర్‌ని అడిగితే అలా చెప్పలేం అన్నాడు. ఆమె మాట తప్పని నేను గట్టిగా అనలేను. నిజమనీ ఒప్పుకోలేను. కోపం ఎవరి మీద చూపించాలో ఆమెకీ తెలీట్లేదు, నాకూ తెలీట్లేదు.

సైకిల్ తోసుకుంటూ వచ్చేశాను. ఎక్కబుద్ధి కాలేదు. అమ్మేయాలా? దాచాలా? ఆదివారం వెళ్తే ఆ తల్లిని కాదన్నట్టు ఉంటుంది. వెళ్లకపోతే వాణ్ణి కాదన్నట్టు ఉంటుంది. పెద్దకర్మ కూడా అవ్వదు అప్పటికి.

ఈ పొద్దున్న లక్ష్మి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, సైకిలు ఎవరికీ ఇచ్చీలేదు కదా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను.

"అత్తకి సెప్పకండి. ఆ మూడు మలుపులూ దాన్ని ఎక్కించీయండి. ఆయన పడుకునే ముందు కూడా అదే అన్నారు."

వాళ్లమ్మకి ఫేస్‌బుక్ లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మీరెవరూ వెళ్లి చెప్పకండి, దణ్ణం పెడతాను.

మెడల్ వద్దు. సైకిల్‌ని వ్యాన్‌లో ఆ కల్వర్టు దాకా తీసుకెళ్లి, అక్కణ్ణుంచి నేనూ సూరీ తోసుకుంటూ ఎక్కుతాం. బెల్ కొడుతూ ఎక్కుతాం. ఇది సరైన పనేనా అంటే నాకు తెలీదు. పైకి వెళ్లాక ఏం చేయాలో అంతకన్నా తెలీదు.

పైడీ, ఈసారి వెనక గంట వినబడితే, మేకలదైనా సరే, ఆగి చూస్తాం.

నీకు తొందరేం లేదు. హాయిగా కూర్చో బావా.