జానెడోళ్ళ వంశావళి

మా మనవరాలు ఈ వేసవి సెలవుల్లో ఇటుకంత మందాన ఉన్న ఇంగ్లీషు పుస్తకమొకటి పట్టుకుని సోఫా దిగడం మానేసింది. అందులో పొట్టి జనం ఉంటారట. వాళ్ళకో దేశం, ఆ దేశంలో వంశాలు, పుస్తకం చివర ఎవరు ఎవరికి పుట్టారో తెలిపే పట్టికలు. “అమ్మమ్మా, లేని మనుషులకి ఇన్ని తరాలు ఎలా కల్పించారో చూడు” అని ఆ పేజీలు నా కళ్ళద్దాల ముందు పెట్టింది. చూశాను. బాగానే ఉన్నాయి. కానీ ఇంతకంటే పెద్ద వంశావళి ఒకటి పదేళ్ళ వయసులో నా చేత్తో నేనే రాశానని, దానివల్ల మా ఇంట్లో ఒక ఆదివారం ఎవరూ అన్నాలు సరిగ్గా తినలేదని చెబితే నమ్మలేదు. ఇప్పటి పిల్లలు అచ్చయినదాన్నే నమ్ముతారు.

డెబ్బైల నాటి మాట. నర్సీపట్నంలో మిషను ఆసుపత్రి వెనక వీధిలో మా తాతయ్యగారి పెంకుటిల్లు. తాతయ్య అంటే అమ్మకు నాన్న, మిషను బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆఫీసుకు దగ్గరన్న వంక చెప్పి మా నాన్నగారు మమ్మల్ని ఆ ఇంట్లోనే ఉంచేశారు. ఆ ఆఫీసు ఇంటినుంచి సైకిలు మీద ఇరవై నిమిషాలు. ఆ సంగతి అందరికీ తెలుసు గానీ ఎవరూ అనేవాళ్ళు కాదు. అదే ఇంట్లో అమ్మకు అక్క, మా పెద్దమ్మ, ఉండేది. ఆసుపత్రిలో నర్సు. పెదనాన్నగారు నాకు ఊహ తెలియకముందే పోయారు. ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, తెల్ల చీర మార్చుకుని, పెరటి అరుగు మీద నాకూ మా చెల్లెళ్ళకీ అన్నాలు పెడుతూ జానెడోళ్ళ గురించి చెప్పేది.

జానెడు ఎత్తుంటారు కాబట్టి జానెడోళ్ళు. మూడు వంశాలు. గానుగ వంశం వాళ్ళు చెరకు తోటల్లో, బెల్లం వండే పొయ్యిల పక్కన కాపురముంటారు. అరచేతులు ఎప్పుడూ జిగటగా ఉంటాయి కాబట్టి పట్టుకున్నది వదలలేరు, మాటైనా సరే, తగువైనా సరే. జీడి వంశం వాళ్ళది రోలుగుంట వైపు తోటలు. జీడిపిక్కలు కాల్చి కాల్చి వేళ్ళు నల్లబడిపోయి, ముక్కు మీద కోపంతో తిరుగుతుంటారు. మూడోది అడ్డాకు వంశం. కొండల మీదనుంచి విస్తర్లు కుట్టే అడ్డాకుల కట్టల్లో దాక్కుని బస్సు టాపు మీద దిగినవాళ్ళు. ఒంటికి పొగవాసన, ఎండాకాలంలోనూ చలి, ఎటు వెళ్ళాలన్నా చుట్టుదారే తప్ప అడ్డదారి తెలియదు. మేము ఊళ్ళో వాళ్ళందరినీ ఈ మూడు వంశాల్లోకి పంచేశాం. మా నాన్నగారు గానుగ వంశం, మామగారిల్లు పట్టుకుని వదలలేదు కాబట్టి. తాతయ్య ఏ వంశమో వేరే చెప్పాలా? ఆయన తుమ్మినా కోపంగానే తుమ్మేవారు.

అన్నం తినకుండా దిక్కులు చూస్తే పెద్దమ్మ, “బేగి తినండర్రా, జానెడోళ్ళు తినేసి విస్తర్లు కూడా ఎత్తేసినారు” అనేది. వాళ్ళ ఆచారాలు కూడా చెప్పేది. పంక్తిలో మొదటి విస్తరి అందరికంటే చిన్నవాళ్ళకి వెయ్యాలి. వాళ్ళలో చిన్నవాళ్ళే పెద్దవాళ్ళు. అందుకని మూడు వంశాలకూ కలిపి పెద్ద కరుణ అనే పాప. మిగతా అందరికీ జిడ్డమ్మ, మసయ్య, పొగయ్య లాంటి పేర్లు పెట్టిన మనిషి ఈ ఒక్క పిల్లకీ మామూలు పేరెందుకు పెట్టిందో నాకు తోచేది కాదు. “దానికెన్నేళ్ళు?” అని అడిగితే, “ఏళ్ళేటి, పంతొమ్మిది రోజులు” అనేది. మరుసటేడు అడిగినా అంతే. అది మాకు పెద్ద తమాషాగా ఉండేది.

ఇక నా ఘనకార్యం. ఆ ఏడు సండే స్కూలు పోటీలో వేదపుస్తకంలోని, అంటే బైబిల్లోని, వంశావళిని తప్పు లేకుండా అప్పజెప్పి స్టీలు గ్లాసు బహుమతి తెచ్చుకున్నాను. ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను, వాడు ఇంకొకణ్ణి కనెను అంటూ గుక్క తిప్పుకోకుండా చెప్పడమే అందులో విద్య. ఆ ఊపులో జానెడోళ్ళకి కూడా అలాంటిదొకటి ఉండాలనిపించింది. వంశావళి రాయడానికి తగిన చోటు ఏది? నాకు అనుమానమే రాలేదు. తాతయ్య బల్లమీద ఉండే తోలు అట్ట వేదపుస్తకంలో మధ్యన మా కుటుంబంలోని పుట్టుకలూ పెళ్ళిళ్ళూ రాసే కాగితాలు ఉండేవి. పుట్టుకలకి ఒక్క కాగితమే ఖాళీ మిగిలింది. ఆయన పార్కు వైపు షికారుకు వెళ్ళిన సాయంత్రం ఆయన పెన్నుతోనే నా ముత్యాల్లాంటి అక్షరాలన్నీ అక్కడ పోశాను. ఆ రాత్రి పెద్దమ్మ ఒక్కర్తికే చివరిదాకా చదివి వినిపించాను.

ఆ కాగితం గురించి తాతయ్య తన పెద్దలనుంచి అందుకున్న నియమం ఒకటుంది. పాప పుట్టాక గుడికి తీసుకెళ్ళి, పాస్టరుగారు ఎత్తుకుని ప్రార్థన చేసి పేరు పెట్టాలి. ఆ రోజు ఇంట్లో భోజనాలయ్యాక తాతయ్య అందరిముందూ ఆ పేరు పుస్తకంలో రాయాలి. అంతకుముందు రాయడానికి వీల్లేదు. నేను రాసిన మూడు వారాలకి, కొత్తగా పుట్టిన మా తమ్ముడికి పేరు పెట్టే ఆదివారం వచ్చింది. పాస్టరుగారు, సంఘపెద్దలు ముందుగదిలో చాపల మీద కూర్చున్నారు. విస్తర్లలో కూర వడ్డిస్తున్నారు. తాతయ్య భోజనాలయ్యేదాకా ఆగలేక, మొదటి మనవడు కదా, ముందే పుస్తకం తెరిచారు.

“ఏటిది?” అన్నారు. తర్వాత పాఠం చదివే గొంతుతో మొదలుపెట్టారు. “గానుగ వంశములో మసయ్య జిడ్డమ్మను కనెను. జిడ్డమ్మ పాకయ్యను కనెను.” సంఘపెద్దలు విస్తర్ల మీదికి వంగి నవ్వారు. పాస్టరుగారు నవ్వకూడదని దగ్గారు. తాతయ్య మొహం ఎర్రబడింది. నాలుగు వరసలు చదివి ఆపేశారు. రాసిందెవరో ఆయన అడగలేదు, నా దస్తూరీ ఆయన దిద్దించిందే. లేచి గూట్లోంచి గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చి, కాగితం అంచు పట్టుకున్నారు.

వంటింటి గుమ్మంలో చారు గిన్నెతో నిలబడిన పెద్దమ్మ గిన్నె కింద పెట్టి వచ్చి, ఆ కాగితం మీద చెయ్యి వేసింది. తండ్రి ఎదురుగా కూర్చోవడం కూడా ఎరగని మనిషి.

“అది కొయ్యకు నాన్నా.”

“వేదపుస్తకమమ్మా ఇది. ఇందులో ఉండాల్సిన రాతేనా?”

“అడుగు వరస సదువు” అంది పెద్దమ్మ. “ఆ పేరు మరెక్కడా నేదు.”

తాతయ్య కళ్ళజోడు సవరించుకుని ఈసారి లోపల చదువుకున్నారు. ఆ వరస నాకిప్పటికీ కంఠతా వచ్చు. వీరందరికిని పెద్ద కరుణ, వయస్సు పంతొమ్మిది దినములు. బ్లేడు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చుట్టూ చూశారు.

“కరుణ అని పెట్టుకున్నావా?” అన్నారు చివరికి.

“మనసులో పెట్టుకున్నాను. గుడికి తీసుకెళ్ళేలోపే పోనాది కదా.”

అప్పుడు తెలిసింది నాకు. నాకంటే రెండేళ్ళు ముందు మా పెద్దమ్మకు ఒక పాప పుట్టింది. జ్వరమొచ్చి పంతొమ్మిదో రోజున పోయింది. గుడిలో ప్రార్థన కాలేదు కాబట్టి పేరు లేదు, పేరు లేదు కాబట్టి పుస్తకంలో రాయడానికి వీల్లేదని ఆ రోజు చెప్పింది తాతయ్యే. అది ఆయన తప్పని నేననను. నియమం అలాంటిది, దాన్ని ఆయన పెట్టలేదు. కానీ ఆయన మాట మీద మా ఇంట్లో అందరూ ఆ పిల్ల మాట ఎత్తడం మానేశారు. పన్నెండేళ్ళు. పెద్దమ్మ ఒక్కర్తీ దాన్ని మా అన్నం ముద్దల మధ్య దాచుకుని సాకింది. ఆ పంతొమ్మిది రోజుల మాటకి పగలబడి నవ్విన మా అందరి మీదా నాకు చెప్పలేనంత సిగ్గేసింది, మొదట నా మీద.

తాతయ్య పాస్టరుగారి వైపు తిరిగి, “ఇప్పుడు చెయ్యవచ్చునాండి?” అని అడిగారు. పాస్టరుగారు చిన్నవాడు, ఆ ఊరికి కొత్త. విస్తరి ముందునుంచి లేచి, చెయ్యి కడుక్కుని వచ్చి, ఎత్తుకోవడానికి పాప లేదు కాబట్టి చేతులు ఊరికే చాచి ప్రార్థన చేశారు. పెద్దమ్మ అప్పుడు ఏడ్చింది. తాతయ్య నేను రాసినదంతా అలాగే ఉంచి, కరుణ పేరు పక్కన ‘నా పెద్ద కుమార్తె కుమార్తె’ అని రాశారు. దానికింద మిగిలిన రెండు వేళ్ళ జాగాలో తమ్ముడి పేరు ఇరికించారు. పైన మసయ్యలూ జిడ్డమ్మలూ ఉండగా మా తమ్ముడు జానెడోళ్ళ చివరి సంతానంగా ఈ లోకంలో నమోదయ్యాడు. వాడు ఈ మాటకి ఇప్పటికీ ఉడుక్కుంటాడు.

ఆ తర్వాత పెద్దమ్మ జానెడోళ్ళ కథలు చెప్పలేదు. అడిగితే, “వాళ్ళు కొండెక్కీసినారు” అనేది. కానీ ఇంకో వింత మొదలైంది. వేసవిలో మాకు గౌన్లు కుట్టిస్తూ, “కరుణకి ఈపాటికి లంగావోణీ వొచ్చును” అంది. ఎవరూ మాట మార్చలేదు. నేను పది పాసైనప్పుడు, “అక్క కాలేజీలో ఉండును, నీకు లెక్కలు సెప్పును” అంది. ఎనభైల్లో నా పెళ్ళి కుదిరినప్పుడు, “అది నీకన్నా ముందు అత్తోరింటికి ఎల్లుండును, పిల్లలుందురు” అని నా జడలో పూలు పెట్టింది. అన్నేళ్ళు పంతొమ్మిది రోజుల దగ్గరే నిలబెట్టేసిన పిల్లని, పేరు రాశాక, మాతో సమానంగా ఏడాదికో ఏడు పెరగనిచ్చింది. కాలం పుట్టినప్పటినుంచే నడుస్తుందంటారు గానీ, మా అక్కకి మాత్రం మేమందరం దాని పేరు పలకడం మొదలుపెట్టిన రోజునుంచి నడిచింది.