మోకాలి నొప్పికి కడుపు సంగతెందుకు?

నడుం పట్టేసి ఆసుపత్రికి వెళ్తే, నర్సమ్మ స్పిరిట్ దూది తీయగానే ఆ వాసనకి మా మామ్మ మోకాలు గుర్తొచ్చింది.

మాత్రలిచ్చి పంపితే అది వైద్యమే కాదని మామ్మ నమ్మకం. సూది పడాల్సిందే. నా చిన్నప్పుడు ఓ రోజు వాచిన మోకాలితో, నన్ను తోడు తీసుకుని కొవ్వూరు వెళ్లింది. నొప్పి తగ్గే ఇంజక్షన్ సిరంజిలోకి ఎక్కిస్తూ డాక్టరుగారు అడిగారు.

"కడుపులో మంటేమైనా ఉందాండి?"

"అబ్బే, లేదండి."

నొప్పి మోకాలికైతే కడుపు సంగతెందుకో నాకు అర్థం కాలేదు. మందు కడుపులోంచే మోకాలికి దిగుతుందేమో అనుకున్నాను. పాపం, మామ్మ మర్చిపోయిందని నేనే అందుకున్నాను.

"ఉందండి! రోజూ అన్నం తిన్నాక కడుపు పట్టుకుని పడుకుంటుందండి."

డాక్టరుగారు సిరంజి పక్కన పెట్టేశారు. "అయితే ఈ ఇంజక్షన్ వద్దండి మామ్మగారూ. ముందు ఆ మంట సంగతి చూద్దాం."

బస్సు దాకా మామ్మ కుంటుతూనే నడిచింది. నేను చెయ్యి అందిస్తే విదిలించుకుంది. నిజం చెప్తే మందెందుకు ఆపేశారో, మామ్మకి నా మీద కోపమెందుకో, ఇంటికొచ్చినా తేలలేదు.

కడుపులో పుండుంటే ఆ మందుకి లోపల రక్తం కారొచ్చని పెద్దయ్యాక తెలిసింది.

"కడుపులో మంటేమైనా ఉందా మేడం?" అంది నర్సమ్మ.

"లేదండి," అనేశాను, నొప్పి ఓర్చుకోలేక. కాదని చెప్పడానికి నా పక్కన ఎవరూ లేరు.

"ఉందండి," అన్నాను మళ్లీ నేనే.