రాజు తల్లి బొటనవేలు

నిన్న మా అమ్మాయి చరిత్ర పుస్తకంలో ఒక గొప్ప రాజు తల్లి బొమ్మ చూశాను.

వానలకు ముందు ఇంటింటా విత్తనానికి శనక్కాయలు ఒలిచేవాళ్లం, మీకు గుర్తుందా? ఒలిచి ఒలిచి మా అవ్వ బొటనవేలి గోరు సగం అరిగిపోయింది. నేనొక గింజ నోట్లో వేసుకోబోతే చేయి పట్టుకునేది.

“సిన్నప్పుడు కరువులో రాజు ఆకలని ఏడ్సినా వాళ్లమ్మ ఇత్తనం ముట్టనీలేదు. నీకిస్తానా?”

“రాజు తల్లి కూడా కాయలు ఒల్సిందా అవ్వా?”

“ఒలవకుంటే సేన్లో ఇత్తేదెట్ల పాపా?”

పరీక్షలో రాజు తల్లి గురించి రాయమంటే అదే రాశాను. సార్ సున్నా వేశారు.

“మీ సారు సేద్యం చేసినోడు కాదులే,” అంది అవ్వ.

నిన్న మా అమ్మాయి పుస్తకంలో ఆ తల్లికి ఒంటినిండా నగలున్నాయి. నేను మాత్రం ఆమె బొటనవేలి గోరు అరిగిందా లేదా అని చూశాను.